అత్తగారు అడగని విశేషం

ఆ ఉదయం కోడలు తమ ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లలేదు. పన్నెండేళ్లుగా భర్తకంటే ముందే వెళ్లి షట్టరెత్తే మనిషి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడింది. ఒంట్లో బాగాలేదా అని అత్తగారు అడిగితే, బాగానే ఉందంది. ఆవిడ రెట్టించలేదు. ఆరా తీయడం ఆవిడకు రాదనుకునేరు, పట్టుబట్టి మరీ మానుకుంది.

తను కాపురానికొచ్చిన కొత్తల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఏమన్నా విశేషమా?" అని అడిగి ఆవిడ ప్రాణం తోడేసేవారు. ఆ ప్రశ్నకు జడిసి ఆరేళ్లపాటు నలుగురిలోకి వెళ్లడమే మానేసింది. కొడుకు పుట్టాక గానీ ఆ నోళ్లు మూతపడలేదు. అందుకే కోడలు వచ్చిన రోజే, ఈ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. అడగబోయిన తన ఆడపడుచుని అందరి ముందే కడిగేసింది. ఇలాంటి అత్తగారు దొరకాలంటే పెట్టిపుట్టాలని కోడలి స్నేహితురాళ్లు కుళ్లుకునేవారు. కోడలూ మురిసిపోయేది.

ఆ మురిపెంలోనే ఏళ్లు గడిచాయి. పిల్లలకేం తొందర, ముందు ప్రెస్సు నిలదొక్కుకోనీ అన్నాడు కొడుకు. తర్వాత రెండో మిషను రానీ అన్నాడు. ఆ తర్వాత స్కూలు పుస్తకాల ఆర్డరొచ్చి పడింది. ప్రతిసారీ కోడలు సరేనంది, తనకూ పనంటే ప్రాణమే. నలభై దాటినవాళ్లు కూడా కంటున్నారు కదా అని ఇద్దరికీ ధీమా. అలా కన్నవాళ్లలో ఎందరిది సొంత అండమో, ఎందరు ఎన్ని గర్భాలు పోగొట్టుకున్నారో ఎవరూ చాటింపు వేసుకోరు కదా.

కొడుకు స్నానం చేసి వచ్చి, బయల్దేరవా అని భార్యనడిగాడు. ఆమె అత్తగారి వైపు తిరిగి, ఇద్దరూ ఆవిడకు చెప్పకూడదనుకున్న సంగతి చెప్పేసింది. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. అతని పరీక్షలన్నీ బాగున్నాయి. నలభై ఒకటో ఏట ఆమెలో అండాలు దాదాపు అయిపోయాయి, ఉన్నవాటిలోనూ పస లేదు. ఖర్చుపెట్టి వైద్యం చేయించుకున్నా సొంత అండంతో బిడ్డ నిలిచే ఆశ దాదాపు లేదట. ఇంకొకరి అండంతో ప్రయత్నించవచ్చట. ఐదారేళ్ల ముందు వచ్చుంటే వేరేగా మాట్లాడేదాన్నని కూడా అందట ఆ డాక్టరు.

"ఇంకో డాక్టర్ని చూద్దాం. అప్పుడే కంగారుపడకు," అన్నాడు కొడుకు.

"నీకేం, పదేళ్ల తర్వాతైనా తండ్రివవుతావు. గడువు నాకే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది అత్తయ్యా. తిట్టుకునేదాన్నేమో. కానీ ఆలోచించేదాన్ని."

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. కోడలికి కాపలా కాస్తున్నాననుకున్నన్నాళ్లూ లోపల ఏం కరిగిపోతోందో ఆవిడ ఆలోచించనేలేదు. పిల్లలు వద్దనుకున్నారేమో అనుకుని తన కోరిక తనే మింగేసింది.

"నేను పడ్డది నువ్వు పడకూడదనుకున్నానమ్మా."

"తెలుసు. అందుకే మిమ్మల్ని గట్టిగా అనలేకపోతున్నాను."

"అమ్మనెందుకంటావు?" అన్నాడు కొడుకు. "వాయిదాలు వేసింది నేను. నువ్వు మాత్రం ఒక్కసారైనా కాదన్నావా?"

అనకూడని సమయంలో అన్నాడు. అన్నవాడికే ముఖం చెల్లలేదు. కానీ అబద్ధం చెప్పలేదు. ఇంకో ఏడాది ఆగుదామన్న ప్రతిసారీ ఆమె లోపల ఏదో కలుక్కుమనేది. ఇంట్లో ఎవరూ అడగని దాన్ని తనే ఎత్తితే, పని మీద మనసు లేదనుకుంటారని నవ్వేసి ఊరుకునేది. అడిగేవాళ్లు లేరు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

కోడలు గట్టు పక్కనే నేల మీదికి జారి కూర్చుంది.

"నాకు బిడ్డ కావాలి," అంది.

పన్నెండేళ్లలో ఆమె పైకి ఆ మాట అనడం అదే మొదటిసారి. భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్తగారు స్టూలు దిగి, నొప్పి పుట్టే మోకాళ్లతోనే నేల మీద కూర్చుని కోడలి తల ఒళ్లోకి తీసుకుంది. ఇంత ఆలస్యంగా విన్న ఆ మాటకు ఆవిడ కూడా కోడలితోపాటు ఏడ్చింది.