అడ్డగీత పడని మాట

శవం భవనం వెనక మెట్ల కింద పడి ఉంది.

సమయం మధ్యాహ్నం 12:48. వంటగదిలో గిన్నెలు తోముతున్న ఆవిడకు ధబ్బుమని చప్పుడు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. గుండెలు బాదుకుంటూ కేక పెట్టింది.

సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తులో ఇద్దరు అధ్యక్షులు ఒంటిగంట భోజనానికి సిద్ధమవుతున్నారు. ఒకరు మన అధ్యక్షుడు. ఇంకొకరు పొరుగు దేశం నుంచి చర్చలకు వచ్చిన అధ్యక్షుడు. ఆ కేక వాళ్ల చెవిన పడకుండా తలుపులు మూశారు.

చనిపోయింది అధ్యక్షుడి దుబాసీ. యాభై నాలుగేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లుగా పరాయి నేతలు ఏం మాట్లాడినా మన అధ్యక్షుల చెవిన వేస్తున్నది ఆవిడే. ఈలోగా నలుగురు అధ్యక్షులు మారారు.

ఇన్‌స్పెక్టర్ 1:20కి వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, నోటి దురుసు రెండూ ఉన్న మనిషి. భవనం గేటు దగ్గర నల్లరాతి స్మారకం ఉంది. దాని మీద పదకొండు పేర్లున్నాయి. రెండేళ్ల కిందట పొరుగు దేశం ముంచేసిందని చెప్పిన నౌక సిబ్బంది పేర్లవి. పోయిన ఎన్నికల్లో అధ్యక్షుడు గెలిచింది ఆ పేర్లు చెప్పుకునే. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని లోపలికి నడిచాడు.

భద్రతాధికారి ఎదురొచ్చాడు.

"ఐదింటికి ప్రెస్‌మీట్. ఆరింటికి అతిథి విమానం. ఈలోపల తేల్చెయ్యండి. ఆత్మహత్య అని రాసేస్తే అందరికీ మంచిది."

"ఆవిడకి కూడానా?"

భద్రతాధికారి మొహం మాడ్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. తల పగిలింది. కోటు జేబులో పొడుగాటి నోట్‌ప్యాడ్ ఉంది. పేజీలన్నిటికీ నంబర్లున్నాయి. లోపల అక్షరాలు లేవు. బాణాలు, సున్నాలు, పడవలు, చిన్న చిన్న ఇళ్లు. ఒక్కో ముక్క మీదా ఏటవాలుగా ఒక అడ్డగీత.

చివరి పేజీలో నాలుగు వరుసలున్నాయి. వాటి మీద గీత లేదు.

తరువాత ఆయన భద్రతాధికారిని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తు దాటాక మెట్లకు అడ్డంగా ఇనుప గేటు ఉంది. బయటనుంచి కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. లోపలివాళ్లకు పిడి తిప్పితే చాలు. గేటు దాటి పైకి వెళితే మూడో అంతస్తు. అక్కడ అధ్యక్షుడి కార్యాలయం ఉంది. మెట్ల చివర నడుమెత్తు పిట్టగోడ, దాని మూలన ఇసుక బకెట్లు ఉన్నాయి. వాటి వెనక నేలమీద ఏదో తళుక్కుమంది.

ఆడవాళ్ల కళ్లజోడు. ఒక అద్దం పగిలి ఉంది.

"ఆవిడ కార్డు ఈ గేటు తెరుస్తుందా?" అని అడిగాడు.

"తెరవదు. రెండో అంతస్తు దాకానే," అన్నాడు భద్రతాధికారి.

"పన్నెండున్నర తరువాత ఏ కార్డుతోనైనా తెరిచారా?"

భద్రతాధికారి కంప్యూటర్‌లో చూసి వచ్చాడు. "లేదు. ఒక్కటి కూడా లేదు."

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "ఆత్మహత్య చేసుకునేవాళ్లకి లోపలినుంచి గేటు ఎవరు తీస్తారండీ?"

* * *

1:55. అధ్యక్షుడి కార్యదర్శి గది.

కార్యదర్శి సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు. ఎన్నికల ఉపన్యాసాలు రాసింది ఆయనే. మాట మెత్తన.

"పాపం, మంచి మనిషి. పొద్దున సమావేశంలో తడబడింది. ఏదో తప్పు చెప్పింది. ఆ బాధ తట్టుకోలేకపోయి ఉంటుంది."

"తప్పు చెప్పిందని మీకెలా తెలుసు? మీకు ఆ భాష వచ్చా?"

"ఒక్క ముక్క రాదు. ఆవిడ మొహం చూసి అనుకున్నాను."

"సమావేశంలో ఎవరెవరున్నారు?"

"ఇద్దరు అధ్యక్షులు, ఇద్దరు దుబాసీలు. మన ఆవిడ అతిథి మాటలు మన సార్‌కి చెబుతుంది. వాళ్ల దుబాసీ సార్ మాటలు అతిథికి చెబుతాడు. ఇంకెవరూ ఉండరు. 11:38కి ఫోటోల కోసం తలుపు తీశారు. అప్పుడు నేను లోపలికెళ్లాను."

"ఆ తరువాత ఆవిడ మీతో మాట్లాడిందా?"

"లేదు."

"ఫోన్లో?"

"లేదన్నాను కదండీ."

"పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ప్రెస్ ప్రకటన రాసుకుంటున్నాను. మిగతావాళ్లంతా భోజనం ఏర్పాట్లకి కిందికెళ్లారు." చెయ్యి చాపాడు. "ఆ నోట్‌ప్యాడ్ ఇలా ఇవ్వండి. సమావేశం అయ్యాక ముక్కలు చేసెయ్యాలి. నియమం."

"చేద్దాం. తొందరేముంది," అంటూ ఇన్‌స్పెక్టర్ ప్యాడ్ తన జేబులో పెట్టుకున్నాడు. కార్యదర్శి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

* * *

నోట్‌ప్యాడ్‌లు ఇచ్చి పుచ్చుకునే గుమస్తా మహా చాదస్తుడు. ఒక పేజీ తగ్గితే ఒంటికాలి మీద లేస్తాడట. ఇవాళ మాత్రం కుర్చీలో కుప్పలా కూలబడి ఉన్నాడు.

"పన్నెండింటికల్లా ప్యాడ్ ఇచ్చెయ్యాలండీ. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఆలస్యం చెయ్యలేదు. ఇవాళ 12:05కి వచ్చి, 'ఒక్కటి మిగిలింది, చెప్పి వచ్చి ఇస్తా' అంది. నేను విసుక్కున్నాను."

"ఏం మిగిలింది?"

"అడగలేదు సార్. ఆవిడ చెప్పదు కూడా."

దుబాసీల గదిలో ఇంటర్‌కమ్ ఉంది. ఇన్‌స్పెక్టర్ మీట నొక్కి చివరి కాల్ చూశాడు. 12:36. నంబర్ 301.

301 కార్యదర్శిది.

* * *

2:40. మన వైపు రెండో దుబాసీని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. చనిపోయినావిడకు స్వయానా మేనకోడలు. తల్లీ తండ్రీ పోతే ఆవిడే పెంచింది. ఇద్దరూ కేకలేసుకోవడం విన్నామని ముగ్గురు చెప్పారు. ఒంటిగంట దాకా భోజనాల గదికి రాలేదంటూ భద్రతాధికారి ఈ అమ్మాయి వైపు అప్పటికే వేలు చూపిస్తున్నాడు.

"మీ అత్తతో గొడవపడ్డావట?"

"పడ్డాను సార్."

"ఎన్నింటికి?"

"పన్నెండుంబావుకి."

"దేనికి?"

"భోజనం దగ్గర డ్యూటీ అత్తది. కార్యదర్శిగారు పన్నెండింటికి అది నాకు మార్చారు. అత్త వచ్చి, నాకిచ్చెయ్యవే, నేను వెళ్తాను అంది. ఎందుకంటే చెప్పలేదు. నా మీద నమ్మకం లేదేమో అనుకున్నాను. పదేళ్లు నేర్పావు, ఇంకా నా చెయ్యి వదలవా అని అరిచాను. ఇవ్వనన్నాను."

"అప్పుడావిడేమంది?"

"సరేలేవే, మెడలో ఆ కార్డు తిన్నగా పెట్టుకో, అంది."

ఇన్‌స్పెక్టర్ ప్యాడ్ తీశాడు.

"ఈ గీతలేంటమ్మా?"

"విన్న మాట గుర్తులతో రాసుకుంటాం. చెప్పేశాక అడ్డగీత కొట్టేస్తాం. గీత పడిందంటే ఆ మాట చేరాల్సినవాళ్లకి చేరిపోయినట్టు. అత్త మొదటి రోజు నేర్పింది అదే."

"మరి ఇది?"

చివరి పేజీ చూపించాడు. అమ్మాయి చదివింది. మళ్లీ చదివింది.

"చేరలేదు," అంది.

"ఈ గుర్తులు నీకు అర్థమవుతాయా?"

"నాకొక్కదానికే అవుతాయి. మిగతా ఎవరి చేతిలో పెట్టినా పిచ్చిగీతలే."

"ఏముంది ఇందులో?"

"చెప్పకూడదు సార్."

"ఏమిటీ?"

"తలుపులేసిన గదిలో మాట ఎవరికోసం అన్నారో వాళ్లకే చెప్పాలి. ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. తోటి దుబాసీకీ చెప్పకూడదు. అందుకే అత్త నాకు చెప్పలేదు." ప్యాడ్ ఆయన వైపు జరిపింది. "చెప్పి ఉంటే నేను డ్యూటీ ఇచ్చేదాన్ని."

ఇన్‌స్పెక్టర్‌కి చిర్రెత్తుకొచ్చింది. "నీ మెడకి హత్య కేసు చుట్టుకోబోతోంది, తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఈ నియమం పట్టుకు వేలాడే కదా మీ అత్త ప్రాణం మీదికి తెచ్చుకుంది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అమ్మాయి మాత్రం తల దించలేదు.

"అందుకే సార్. ఇప్పుడు నేను తప్పితే ఆవిడ ఊరికే పోయినట్టు. నన్ను అధ్యక్షుడి ముందుకు తీసుకెళ్లండి. అక్కడ చెబుతాను."

* * *

3:30. ప్రెస్ గది. ఇన్‌స్పెక్టర్ పొద్దుటి ఫోటోలన్నీ పరిపించాడు. 11:38 ఫోటో దగ్గర ఆగిపోయాడు.

ఇద్దరు అధ్యక్షులు చేతులు కలిపారు. అతిథి ముందుకు వంగి ఏదో అంటున్నాడు. అతని దుబాసీ దూరంగా గోడ దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాడు. వెనక మన దుబాసీ వంచిన తల ఎత్తకుండా రాసుకుంటోంది. కార్యదర్శి మన అధ్యక్షుడి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగుతున్నాడు. అందరి చూపూ కెమెరా మీద ఉంది. కార్యదర్శి చూపు అతిథి పెదవుల మీద ఉంది.

ఇన్‌స్పెక్టర్ విదేశాంగ శాఖకు ఫోన్ చేశాడు. ఒకే ప్రశ్న అడిగాడు. జవాబు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

* * *

4:45. ప్రెస్‌మీట్‌కి ముందు ఇద్దరు అధ్యక్షులూ కూర్చునే చిన్న హాలు.

భద్రతాధికారి అయిష్టంగానే ఐదు నిమిషాలు ఇప్పించాడు. గోడవారగా కార్యదర్శి, గుమస్తా, మేనకోడలు నిలబడ్డారు. అతిథికి ఆయన దుబాసీ చెవిలో అన్నీ చెబుతున్నాడు.

"దుబాసీది ఆత్మహత్య కాదు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆవిడ దగ్గర ఒక మాట మిగిలిపోయింది. ఫోటోల హడావుడిలో అతిథి మీతో అన్న మాట. అది మీకు చేరకముందే మిమ్మల్ని పక్కకి తీసుకెళ్లారు. మీరు జవాబివ్వకుండా తిరిగిపోయారని అతిథి అనుకుని ఉంటారు."

అధ్యక్షుడు నుదురు చిట్లించాడు. భారీ మనిషి. అలసిపోయి ఉన్నాడు.

"భోజనం దగ్గర చెబుదామనుకుంది. పన్నెండింటికి ఆవిడ డ్యూటీ మార్చేశారు. మార్చిన కాగితం మీద కార్యదర్శిగారి సంతకం ఉంది. ఇక మిమ్మల్ని కలవాలంటే కార్యదర్శి గుమ్మం తొక్కాల్సిందే. 12:36కి 301కి ఫోన్ చేసింది. ఈయన నాతో చెయ్యలేదన్నారు."

"మర్చిపోయి ఉంటాను," అన్నాడు కార్యదర్శి.

"వెనక మెట్లమీదుగా రమ్మన్నారు. గేటు లోపలినుంచి తీశారు. అప్పుడు పైన ఉన్నది మీరొక్కరే. మీరే చెప్పారు. పిట్టగోడ మీంచి తోసేశాక ప్యాడ్ తీసుకుందామంటే కింద వంటావిడ కేక పెట్టేసింది. కళ్లజోడు బకెట్ల వెనక పడిన సంగతి మీరు చూసుకోలేదు."

కార్యదర్శి నవ్వాడు. "అంతా ఊహ. ఆ మాటేమిటో నాకేం తెలుసు? నాకా భాషే రాదు."

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దేశంలోని మన రాయబార కార్యాలయంలో నాలుగేళ్లున్నారు. భాష పరీక్షలో మొదటి మార్కు మీదే. ఇందాకే విదేశాంగ శాఖ చెప్పింది."

కార్యదర్శి తలుపు వైపు చూశాడు.

"మరి కారణం?" అన్నాడు అధ్యక్షుడు.

"అది నాకూ తెలీదు సార్. ఈ అమ్మాయికి తెలుసు. కళ్లెదుట జైలు కనబడుతున్నా చెప్పలేదు. మీకే చెబుతానంది."

ప్యాడ్ ఆమె చేతికిచ్చాడు.

అమ్మాయి వచ్చి అధ్యక్షుడి కుర్చీ వెనక, కుడిపక్కన నిలబడింది. అత్త రోజూ నిలబడే చోటు. దుబాసీలు అవతలివాళ్ల మాటను తమ మాటగానే చెబుతారు. ఆమె కూడా అలాగే చెప్పింది.

"మీ నౌక సిబ్బంది మా దగ్గర ఉన్నారు. బతికే ఉన్నారు. మీకు మూడు ఉత్తరాలు రాశాను. అక్కర్లేదని మూడుసార్లూ మీ కార్యాలయం జవాబిచ్చింది. ఇవాళ మీ చెయ్యి పట్టుకుని అడుగుతున్నాను. వాళ్లను ఇంటికి తీసుకెళ్తారా?"

అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు.

"నాకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు."

కార్యదర్శి మెత్తదనం ఎగిరిపోయింది. "ఆ ఉత్తరాలు మీకెలా చూపిస్తాను సార్? మనం గెలిచింది ఆ పదకొండు పేర్ల మీద! వాళ్లు బతికొస్తే మీరుంటారా? నేనుంటానా? గేటు దగ్గర ఆ రాయి ఉంటుందా?"

భద్రతాధికారి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఆజ్ఞ కోసం ఎవరి మొహమూ చూడలేదు.

అధ్యక్షుడు అతిథి వైపు తిరిగాడు. "పదకొండు మందీ క్షేమమేనా?"

అతిథి నేలకేసి చూస్తూ రెండు వాక్యాలు అన్నాడు. అమ్మాయి ప్యాడ్ మీద రాసుకుంది. రాసింది మళ్లీ ఒకసారి చూసుకుంది.

"మొదటి ఉత్తరం రాసేనాటికి పదకొండు మంది. ఇప్పుడు ఏడుగురే ఉన్నారు."

అధ్యక్షుడు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమెతో ఒక్క మాటే అన్నాడు. "ఇవాళే పంపించమని అడుగు."

ఆమె అడిగింది. అతిథి తలూపాడు.

ఇన్‌స్పెక్టర్ తన పెన్ను అందించాడు. ఆమె అత్త రాసిన నాలుగు వరుసల మీద అడ్డగీత గీసింది. గీత వంకర పోయింది. అప్పుడు ఏడ్చింది. గుమస్తా కూడా ఏడ్చాడు.

ప్రెస్‌మీట్‌కి ఇంకా మూడు నిమిషాలుంది. వేరే దుబాసీ లేరు. అమ్మాయి కళ్లు తుడుచుకుని, మెడలో కార్డు తిన్నగా పెట్టుకుని, అధ్యక్షుడి వెనక నడిచింది.