సుప్రియ తప్పుల పుస్తకం

ఆదివారం మైపాడు బీచ్‌కి జనం బాగా వస్తారని సుభాషిణి పొద్దున్నే ఇంటి ముందు కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపల పొట్లాలు కట్టింది. మొగుడు పెంచల్ చేపల వేటకు వెళ్ళాడు. కాగితాలు చాలకపోతే కూతురు సుప్రియ బడి సంచిలోంచి ఒక నోటు పుస్తకం లాగి చించేసింది. చించేటప్పుడు ఒళ్ళు మండింది గానీ, తప్పు చేస్తున్నానన్న అనుమానం రవ్వంత కూడా రాలేదు.

ఎందుకొస్తుంది? పుస్తకం తెరిస్తే ప్రతి పేజీలోనూ ఎర్ర ఇంటూ గుర్తులు. రేపు లెక్కల పరీక్ష పెట్టుకుని పదో తరగతి పిల్ల చదివే చదువు ఇదా! గైడులోని ప్రతి లెక్కనూ పదేసి సార్లు ఎత్తిరాయించే తల్లి ఆమె. అలా రాయించబట్టే క్రితం పరీక్షలో పిల్లకు అరవై ఒకటి వచ్చాయని వీధంతా చెప్పుకుంది కూడా. పాపం, ఆ మాట తనే నమ్మేసింది.

పొట్లాలు అమ్ముకుని ఆమె ఇంటికి వచ్చేసరికి సుప్రియ సంచి బోర్లించి వెతుకుతోంది.

"అమా, నా నీలం అట్ట పుస్తకం యాడ?"

"యాడుంటది? పొట్లాలు కట్టేసినా. ఆ ఇంటూలన్నీ నా కంట పడకూడదని అడుగున దాచినావా?"

సుప్రియ ముఖం పాలిపోయింది. "చించేసినావా? అది నా తప్పుల పుస్తకం మా!"

"తప్పులకి మళ్ళీ పుస్తకం ఒకటా?"

"మా లెక్కల మేడం ఆనందకుమారి పెట్టుకోమనింది. తప్పు పోయిన లెక్క రాయాల, ఎందుకు పోయిందో దాని కింద రాయాల. వారం తర్వాత జవాబు మూసిపెట్టి మళ్ళీ చేయాల. పరీక్ష ముందు రోజు అవి చూసుకుంటే చాలనింది. మూడు నెలల నుంచి రాస్తా ఉండా!"

"మరి నేను రాయించినవో?"

"చెయ్యి రాస్తా ఉంటది, నేను నిద్రపోతా ఉంటా. ఇరవై మూడు నుంచి అరవై ఒకటికి ఎట్టా వచ్చినానో ఒక్కసారన్నా అడిగినావా నువ్వు?"

పిల్ల లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. సుభాషిణి అడగలేదు, నిజమే. తిట్టడానికి దొరికిన తీరిక అడగడానికి దొరకలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా బీచ్ రోడ్డుకు పరుగెత్తింది. కొన్నవాళ్ళు చాలామంది అప్పటికే ఆటోలెక్కి నెల్లూరు వెళ్ళిపోయారు. రొయ్య వడల బండి సామ్రాజ్యం మాత్రం పొద్దున నాలుగు పొట్లాలు కొన్నది.

"అక్కా, చేపలు నువ్వే ఉంచుకో, ఆ కాగితాలు ఇయ్యి," అని సుభాషిణి ఆమె చేతులు పట్టుకుంది.

"కాగితాలకా ఏడస్తా ఉండావు?" అంటూనే సామ్రాజ్యం విప్పి ఇచ్చింది.

నాలుగు పేజీలు. నెత్తళ్ళ వాసన. సుభాషిణి వాటిని పైటతో తుడిచి తెచ్చి కూతురి పక్కన పెట్టింది. సుప్రియ తీసుకోలేదు. ఏం చేయాలో తోచక సుభాషిణి పై పేజీ చదవబోయింది.

"ఈ లెక్క ఎందుకు పోయింది పాపా?"

సుప్రియ గోడవైపే తిరిగి చెప్పింది. "బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల గుర్తులు మారాల. నేను మార్చలేదు."

"ఇంతేనా?"

"ఇంతే."

సుభాషిణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా పుస్తకంలోనూ ఇట్టాంటివే ఉండె. ఎనిమిదిలో మా నాయన ఇంటూలు చూసి, దీనికి చదువు రాదని బడి మాన్పించినాడు. ఎందుకు పోయినాయని ఆయనా అడగలా. ఈ పొద్దు నేనూ ఆ పనే చేస్తినే తల్లీ!"

సుప్రియ ఇటు తిరిగింది. తల్లి కంట నీళ్ళు పెట్టడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. లేచి కూర్చుని, కొత్త నోటు పుస్తకం తెరిచి తల్లి ఒళ్ళో పెట్టింది.

"సగానికి సగం నాకు గుర్తుండాయిలే మా. చెప్తా, రాయి. మొదటిది నువ్వే చెయ్యి."

సుభాషిణి మొదలుపెట్టింది. రెండో వరుసలోనే గుర్తు మార్చడం మరచిపోయింది. సుప్రియ ఎర్ర పెన్ను తీసి దాని మీద చిన్న ఇంటూ పెట్టింది.

సుభాషిణి ఆ గుర్తును చూసి, కళ్ళు తుడుచుకుని, "ఎందుకు పోయిందో నేనే రాస్తా, ఆగు," అంది.