కూర్మినాయుడు చెప్పిన సంగతి

దిగువ వంతెన కూలిన పూట వాన పడలేదని, సాక్షుల జ్ఞాపకాలను ఒక్కటిగా కూర్చే కూర్పరి యంత్రం తేల్చింది. పడిందన్న సాక్షులు తక్కువ. మందాకిని వాళ్ల స్మృతులను పక్కన పెట్టి, పొడి ఆకాశం ఉన్న ప్రతికి ముద్ర వేసింది. సాయంత్రం అది అందరి బుర్రల్లోకీ ప్రసారమయ్యాక, వానలో తడిసినవాళ్లకు కూడా ఎండే గుర్తుంటుంది.

ఏకస్మృతి కేంద్రంలో ఆమె పని ఇదే. నీళ్ల కోసం ఎగువవాళ్లూ దిగువవాళ్లూ చేసుకున్న యుద్ధం ముగిసినా, ముందు ఎవరు కాల్చారన్న తగాదా ముగియలేదు. బజార్లలో కత్తులు లేచాయి. అప్పుడు ఈ కేంద్రం పెట్టారు. ఇప్పుడు రెండు పక్షాలవాళ్లకూ ఒకే యుద్ధం గుర్తుంది. ఆ యుద్ధం నుంచి పత్రికకు వార్తలు పంపిన మందాకిని, ఇక్కడ చేరిన రోజే తన జ్ఞాపకాలను అందరివాటితో సమం చేయించుకుంది. చేరేవాళ్లందరికీ అది నియమం.

తర్వాతి సాక్షి లోపలికి వచ్చి, కూర్చోకుండా ఆమెకేసి చూసి నవ్వాడు.

"ఏటమ్మా, జుట్టు నెరిసిపోనాది. కళ్లద్దాలు మాత్రం అవే."

బగాది కూర్మినాయుడు. యుద్ధానికి ముందు పత్రికాఫీసు జీపు నడిపేవాడు. అంతవరకూ ఆమెకు గుర్తుంది.

"యుద్ధంలోనూ నేనే కదమ్మా నడిపింది. నా ఎడంచేతికి దెబ్బ తగిలితే నేను క్లచ్చి తొక్కీవోడిని, మీరు గేరు మార్చీవోరు."

"నేను మార్చేదాన్నా?"

"మార్చడమేటి, విరిచీవోరు! ఆ గేరుబాక్సు ఏడుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది."

మందాకిని నవ్వింది. నవ్వాక జ్ఞాపకాల్లో వెతుక్కుంది. వంతెనలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. జీపు లేదు. అందులో కూర్చుని గేరు కోసం పోట్లాడుకున్న ఇద్దరూ లేరు.

"పారమ్మ కూడా గుర్తు నేదా?" అన్నాడతను, గొంతు తగ్గించి.

అతను చెప్పుకొచ్చాడు. పారమ్మ రేవులో ఉండే ఒంటరి మనిషి. వంతెన కింద పొయ్యి పెట్టి అంబలి కాచేది. ఎగువ సైనికులూ దిగువ సైనికులూ తుపాకులు గట్టున వదిలి, ఒకే వరసలో కూర్చుని తాగేవారు. అధికారులకు తెలిస్తే కాల్చేస్తారని ఎవరూ బయట చెప్పలేదు. ఒకనాడు ఫిరంగి గుండు వచ్చి ఆ పొయ్యి మీద పడింది.

అతను చెబుతుండగానే కూర్పరి తెర మీద అక్షరాలు వెలిగాయి: ఏకసాక్షి, తొలగింపు. సాక్ష్యం కోసం ఇన్నాళ్లూ ముట్టని అతని జ్ఞాపకాలను సమం చేసేది ఈ సాయంత్రమే.

"ఆవిడికి పిల్లా పీచూ నేరమ్మా. నేను మర్చిపోతే ఆవిడ పుట్టనట్టే. రెండో సాక్షి ఉంటే ఉంచుతారంట కదా. మీరూ తాగినారు. సూసినానని ఒక్క మాట అనండి."

"గుర్తులేనిది చూశానని ఎలా అనను నాయుడూ?"

"అప్పుడూ ఇదే వరస. శవం కంటపడీదాకా చచ్చిపోనాడని రాసీవోరు కాదు. అవతల ఫోన్లో ఎడిటరు తిట్లు, ఇవతల గుళ్లు. మీరేమో, నాయుడూ బండి వెనక్కి తిప్పు అనీవోరు." అతని నవ్వు సగంలో ఆగింది. "మీరు రాస్తారని కదమ్మా, తిప్పీవోడిని."

ఆ రోజుల్లో ఆమె చూసినది చూసినట్టు రాసేది. చూడనిది, ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో రాసేది. పత్రికలో చేరిన ఎవరికైనా ముందుగా నేర్పేది ఇదే. కూర్పరికి మాత్రం ఎవరూ నేర్పలేదు. అందులో జరిగినవే ఉంటాయి, చెప్పినవాళ్లు ఉండరు.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు," అంది.

అతను చెబుతుంటే ఆమె మీటలు నొక్కింది. రేవులో పారమ్మ అనే స్త్రీ రెండు పక్షాల సైనికులకూ అంబలి పోసేదని, ఫిరంగి గుండు తగిలి చనిపోయిందని జీపు డ్రైవరు బగాది కూర్మినాయుడు చెప్పాడు. ఈ విలేకరికి ఆ సంగతి గుర్తులేదు.

యంత్రం రెండో సాక్షిని అడిగింది. అతను చెప్పాడన్నదానికి, విన్న తనే సాక్షి. మందాకిని తన పేరు టైపు చేసింది. ముద్ర పడింది.

ప్రసారానికి ముందు పర్యవేక్షకుడు శశాంక్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ముద్ర పడ్డాక నేను తీయలేను మేడం. మీరే వెనక్కి తీసుకోవాలి. లేకపోతే మీ ఉద్యోగం ఉండదు."

"అందులో తప్పేముంది?"

"తప్పు కాదండీ. ప్రతి బుర్రలోకీ 'చెప్పాడు' అని వెళ్తుంది. రేపు మిగతావి ఎవరు చెప్పారని అడుగుతారు."

"అడగనివ్వండి."

మర్నాడు పొద్దున ఆమె బల్ల సర్దుకుంటుండగా ఫోను మోగింది. ఎగువ నుంచి ఎవరో ముసలాయన.

"నిన్నట్నుంచి నాకో నాయుడు గుర్తొస్తున్నాడమ్మా. ఆయనెవరో తెలీదు. ఆయన చెప్పాడని మాత్రం తెలుసు. సరే. మా తమ్ముడు కాలుజారి నదిలో పడ్డాడని నాకు గుర్తు. ఆ మాట ఎవరు చెప్పారు?"

ఆమె తెరలో వెతికింది. సంఘటన ఉంది.

"ఎవరి పేరూ లేదండీ."

హాల్లో ఇంకో ఫోను మోగింది, దాని వెనక మరోటి. శశాంక్ దూరం నుంచి లైను తీసేయమని సైగ చేశాడు. మందాకిని రిసీవరు ఇంకో చెవికి మార్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ తమ్ముడి పేరు చెప్పండి," అంది.