ఆపే మీట

ఆదివారం పొద్దున్న ఎనిమిది కాకముందే సత్తిరాజు సైకిలు వెనక సీటుకి ఒకటి కట్టి, హ్యాండిలుకి ఒకటి తగిలించి, చొక్కా జేబులో ఒకటి పెట్టుకుని, మొత్తం మూడు పాటల పెట్టెలతో ఇంటికొచ్చాడు. బట్టల కొట్టువాళ్లు తెలిసినవాళ్ల ఇంటికి చీరలు పంపినట్టు, మండపేటలో వెంకటరత్నం గారు రేడియోలు పంపుతారు.

"ఆయ్, పట్టుకెళ్లండి మేష్టారూ. అమ్మగారికి చూపించి, నచ్చింది ఉంచుకుని, మిగతా రెండూ సాయంత్రం కొట్టు కట్టేలోగా తెచ్చేయండి" అన్నారాయన.

పెద్దది టూ ఇన్ వన్. అటొకటి ఇటొకటి స్పీకర్లు, లోపల ఆరు లావుపాటి బ్యాటరీలు, రేడియో, టేపు రెండూ అందులోనే. మధ్యది పలకంత టేపు రికార్డరు, అంచున వరసగా ఐదు మీటలు. చిన్నది సింగపూరు సరుకట. అరచేతిలో పట్టేస్తుంది. పాట వినాలంటే తీగ చెవులకి తగిలించుకోవాలి.

సత్తిరాజు తల్లి అమ్మణ్ణి ఇరవై రెండేళ్లు రైసు మిల్లులో నూకలు చెరిగి కొడుకుని బి.ఏ., బి.ఇడి. చదివించింది. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాడు అతనే. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆవిడకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, శ్రద్ధగా వింటే తెలుస్తుంది. ఆవిడకి పొద్దుపోవాలని సత్తిరాజు రోజూ అలమరలో ఉన్న పాత రేడియో పెట్టి బడికి వెళ్తాడు. అది ఈమధ్య గరగరలాడుతోంది. ఇన్నాళ్లకి అమ్మకో మంచి వస్తువు కొంటున్నానని వారం రోజులుగా అతనికి కాలు నిలవడంలేదు.

ముందురోజే తుని నించి వచ్చిన చెల్లెలు లోవమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటన్నయ్యా, కొట్టు మొత్తం మోసుకొచ్చేశావు?"

"ఇదిగో, ఇదీ!" సత్తిరాజు పెద్దదాన్ని బల్ల మీద పెట్టి తువ్వాలుతో తుడిచాడు. "పెడితే వీధి చివర మిల్లుదాకా వినపడాలి."

"మిల్లుకెందుకు? మంచంలో ఉన్నది అమ్మ కదా."

"పెద్దదే బావుందండీ" అంది అతని భార్య సత్యవేణి వంటింట్లోంచి. "పోపు పెట్టుకుంటూ నేనూ వినొచ్చు."

"నీ పోపుకి టూ ఇన్ వన్ కావాలా వదినా?"

"మీ అన్నయ్య పాఠాలకంటే అదే నయం కదమ్మా!"

లోవమ్మ నవ్వి చిన్నదాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది కొను. చెవులకి పెట్టేస్తే అమ్మ పాట అమ్మది. రేపు తుని తీసుకెళ్లినా నా చేతిసంచిలో పట్టేస్తుంది."

"దానికి అంత ఖరీదా? అమ్మకేం కొన్నావంటే నలుగురికీ ఏం చూపించను?"

"అదీ సంగతి. చూపించడానికన్నమాట!"

సత్తిరాజుకి చుర్రుమంది. "నెలకోసారి వచ్చి నువ్వెన్నైనా చెప్తావు. రోజూ పక్కమార్చేదీ, అన్నం పెట్టేదీ మేము."

"చేస్తున్నారు, కాదన్లేదు. ఆ మంచం మీద కూర్చుని అమ్మతో ఎన్నిసార్లు మాట్టాడావు? 'తిన్నావా' అంటావు, రేడియో పెట్టేస్తావు, చెప్పులేసుకుంటావు. నిన్న నేను చూశాగా!"

అతని మొహం మాడిపోయింది. పెద్దదాన్ని విసురుగా ఎత్తుకెళ్లి, తల్లి మంచం పక్కన స్టూలు మీద పెట్టి, భక్తి పాటల క్యాసెట్టు తోసి సౌండు పెంచాడు.

గది అదిరింది. అమ్మణ్ణి ఎడం చెయ్యి మెల్లిగా లేచి పెట్టె మీద పడింది.

"చూశావా, తాళం వేస్తోంది!" అన్నాడు సత్తిరాజు విజయం సాధించినట్టు.

అది తాళం కాదు. ఆవిడ బొటనవేలు మీటల వెంట వెతుక్కుంటూ పోతోంది. ఒకదాని మీద ఆగి నొక్కింది. మీట దిగలేదు. పళ్లు బిగించి అరచెయ్యంతా పెట్టి నొక్కింది. స్టూలు జరిగింది గాని మీట జరగలేదు.

"ఏంటమ్మా, ఇంకా పెంచమంటావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి ఏదో అంది. ఆ మాట పాటలో కలిసిపోయింది. అతను వంగాడు, అయినా వినపడలేదు. చివరికి లోవమ్మే వచ్చి ఆపేసింది.

"దీన్ని నేను ఆపుకోలేనురా" అంది అమ్మణ్ణి.

"నువ్వెందుకమ్మా ఆపుకోడం? మేం ఉన్నాం కదా."

"మీరు పెట్టేసి ఎల్లిపోతారు." ఆవిడ ఊపిరి తీసుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. "పొద్దున్న స్టేషను కట్టేశాక కూడా ఆ పాత రేడియో గుయ్యిమంటానే ఉంటది, మధ్యాన్నం దాకా. ఆ గోలలో నేను పిలిస్తే సత్యేణికి వినపడదు. పాపం అదేం చేస్తది, నూతి కాడ ఉంటది. మిల్లే నయంరా. సైరను కొడితే ఆగేది."

సత్తిరాజు అలమర వైపు చూశాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి తనే ఎన్నిసార్లో ఆ గుయ్యిమనే రేడియో కట్టేశాడు. "ఏంటమ్మా, ఉత్త గుయ్యే వింటున్నావా?" అని పరాచికమాడాడు కూడా. ఆవిడ మొహం ఒకవైపు కొంచెం కదిలేది. నవ్విందనుకునేవాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"రేడియో పెట్టేటప్పుడు నీ మొహం చూసేదాన్ని. ఎంత సంబరంగా ఉండేదో! వద్దని ఎలా అనను?"

అతను మంచం పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. కళ్లు తుడుచుకోబోతుంటే అమ్మణ్ణి కసిరింది. "ఏడుపులు తరవాత. ఆ రెండూ ఇలా తే."

ముందు చిన్నది చూసింది. మెంతిగింజలంత బొత్తాలు. ఒకటి నొక్కబోతే వేలి కింద రెండు పడ్డాయి. చెవుల తీగ ఒంటి చేత్తో తగిలించుకోబోతే మెడలోకి జారిపోయింది. "ఇది లోవ చెవులకి బావుంటది" అని పక్కకి నెట్టేసింది.

లోవమ్మ తలదించుకుంది. "నేనూ అమ్మని అడగలేదన్నయ్యా" అంది మెల్లిగా.

తరవాత మధ్యది. సత్తిరాజు క్యాసెట్టు పెట్టి పాట మొదలెట్టాడు. ఆవిడ వేలు మీట మీంచి జారిపోయింది. రెండోసారి పెట్టే జరిగిపోయింది. సత్తిరాజు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి."

తీసేశాడు. ఆవిడ పెట్టెని దగ్గరికి లాక్కుని తొడకి ఆనించుకుంది. ఇరవై రెండేళ్లు చేట అంచు పట్టి కాయకాచిన అరచెయ్యి. మణికట్టు దగ్గర దాని కింది భాగం మీట మీద పెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీద వేసింది.

టక్!

పాట ఆగింది. పెరట్లో పిచికల గోల వినపడింది.

"మళ్లీ పెట్టు" అంది. మళ్లీ ఆపింది. ఆ తరవాత పాట పెట్టే మీట కూడా తనే నొక్కింది, తనే ఆపింది. నుదురంతా చెమట పట్టినా మానలేదు. ఐదోసారికి ఎవరి మొహమూ చూడకుండానే నొక్కేసింది. గుమ్మంలో సత్యవేణి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సత్యేణీ, పోపు మాడిపోతోందే!"

ముద్దమాటే. అయినా అందరికీ స్పష్టంగా వినపడింది. "అయ్యో నా మతి మండా!" అంటూ సత్యవేణి పరిగెత్తింది.

సాయంత్రం మిగతా రెండూ తీసుకెళ్తే వెంకటరత్నం గారు ఆశ్చర్యపోయారు. "పెద్దది తెచ్చేశారేంటి మేష్టారూ? సౌండు చాల్లేదా అండి?"

"ఎక్కువైందండి. మా అమ్మ మాట వినపడట్లేదు" అన్నాడు సత్తిరాజు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. తల్లి గదిలో పాట సన్నగా వినపడుతోంది. అలవాటు ప్రకారం "తిన్నావా అమ్మా?" అని గుమ్మం దగ్గరే ఆగబోయి, ఏమనుకున్నాడో లోపలికెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

పాట సగంలో ఉండగా టక్కుమంది.

"బాలేదా అమ్మా?"

"బానే ఉంది. రేపింటా. బళ్లో సంగతులు చెప్పు."

రోజూ నలభై మందికి పాఠం చెప్పే సత్తిరాజుకి ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. "నిన్న మా హెడ్మాష్టరు గారు..." అని ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పరా. వినపడట్లా."

అతను కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని మళ్లీ మొదటినించి మొదలెట్టాడు. అమ్మణ్ణి ఎడం చెయ్యి మీట మీంచి జరిగి కొడుకు మోకాలి మీద ఆగింది.