విశదిని ఎదుట కుర్చీ

కుజగ్రహం మీద అరుణపురంలో ఆ ఏడు పెళ్ళి ముహూర్తాలకన్నా ఫోటోలకి పదును పెట్టించే ముహూర్తాలకే గిరాకీ ఎక్కువైంది. తాతల కాలంలో భూమి నుంచి తెచ్చుకున్న పాత డిజిటల్ ఫోటోలు పట్టుకుని జనం గాజు గోపురం కింద బారులు తీరేవారు. బయట సూర్యుడు నీలంగా అస్తమిస్తూంటే, లోపల ఎవరో ఒక ముసలావిడ, పెళ్ళినాటి మొగుడి కనురెప్పల వెంట్రుకల్ని విడివిడిగా చూసుకుని మురిసిపోయేది. ఆ వింత యంత్రం పేరు విశదిని. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త నీరజాక్షి.

పాత కెమెరాల్లో సెన్సర్ ముందు సన్నని మసక పొర ఒకటి ఉండేది. దాన్ని కావాలనే పెట్టేవారు. సెన్సర్ అంటే పిక్సెళ్ళ గళ్ళే కదా. పట్టుచీర నేతలోని సన్నటి గళ్ళు ఈ గళ్ళతో పోటీ పడితే, చీరలో లేని అలల చారలు ఫోటోలో పుట్టుకొచ్చేవి. లేనిది కనబడటంకన్నా ఉన్నది కాస్త మసకబారడమే నయమని, ఆ పొర ఒక్కొక్క వెలుగు చుక్కని చుట్టుపక్కల పిక్సెళ్ళకి కూడా పంచిపెట్టేది. తరవాత కంప్యూటర్లో ఆ మసకకి పదును పెట్టుకునేవారు. మోతాదు మించితే మనిషి చుట్టూ తెల్లగీత తేలి, కత్తిరించి అతికించిన బొమ్మలా ఉండేది.

విశదిని ఆ పొర చెదరగొట్టిన వెలుగుని లెక్కకట్టి ఎక్కడిదక్కడ చేర్చేది. చేర్చడానికి వెలుగు చాలని చోట కొద్దికొద్దిగా ఊహిస్తూ పోయేది. మరి ఎక్కడ ఆపాలి? అక్కడే నీరజాక్షి తెలివంతా ఉంది. ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి కనుపాపలు ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ ఆపాలని యంత్రానికి నేర్పింది. అరుణపురం వాళ్ళు దానికి ఒక మర్యాద కూడా తగిలించారు. కుర్చీలో ఇంటిపెద్దే కూర్చోవాలి. పెద్దావిడ చూసి "అచ్చం ఆయనే" అందంటే, ఇక ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఇంతకీ నీరజాక్షి ఇదంతా చేసింది ఊరివాళ్ళ తాతల కోసం కాదు. వాళ్ళమ్మ మందాకిని రాళ్ళ మీద పరిశోధన చేసేది. నీరజాక్షి పసితనంలోనే గ్రహశకలాల వైపు నౌకలో వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆవిడ నౌక మెట్లెక్కుతూండగా పాత కెమెరాతో తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది. అందులో హెల్మెట్ అద్దం వెనక మొహం నువ్వుగింజంత, ఎటు చూస్తోందో తెలియదు. చివరి మెట్టు మీద అమ్మ తమ వైపు తిరిగి చూసిందా, లేదా? ఈ ఒక్క ప్రశ్న నీరజాక్షిని పెరిగి పెద్దయ్యాక కూడా నిద్రపోనివ్వలేదు.

ఒకనాటి సాయంత్రం తనే కుర్చీలో కూర్చుంది. మసక మెల్లగా విడిపోయింది. అమ్మ వెనక్కి తిరిగి చూస్తోంది. నవ్వుతోంది. నీరజాక్షికి ఏడుపాగలేదు, సంతోషమూ ఆగలేదు. ఆ బొమ్మని వెంటనే అన్నయ్య ప్రభంజన్‌కి పంపింది.

మర్నాడే దిగిపోయాడాయన. ఇంటిపెద్దని నేనుండగా నువ్వెలా కూర్చున్నావని వస్తూనే వేళాకోళం మొదలుపెట్టాడు. సరే, నువ్వూ కూర్చో అంది. వేళాకోళం కుర్చీ దాకానే సాగింది. తెర మీద అమ్మ ఈసారి కూడా వెనక్కి తిరిగింది గానీ, నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు.

"ఆ పొద్దున నేను అమ్మతో మాట్లాడలేదే," అన్నాడాయన. "అలిగి, వీపు తిప్పి నుంచున్నాను. ఏడుస్తూనే వెళ్ళుంటుందని నాకెప్పుడూ తెలుసు."

నీరజాక్షి విశదిని వైపు తిరిగింది. ఫోటో ఒకటే, పొర ఒకటే, రెండు మొహాలెలా వచ్చాయని యంత్రాన్ని నిలదీసింది.

"ఫోటోలో దొరికిన వెలుగు హెల్మెట్ అంచు దాకానే సరిపోయిందండీ," అంది విశదిని మెత్తగా. "మొహం దగ్గర మీ కళ్ళు ఒప్పుకునేదాకా మార్చి మార్చి చూపించాను."

అప్పటికి గాని ఆవిడకి పొరపాటు తట్టలేదు. పరీక్షలన్నీ ఇటికగోడల మీద, చెట్ల ఆకుల మీద, గీతల పటాల మీద చేశారు. ఎవరు కూర్చున్నా ఒకే బొమ్మ వచ్చిందని చంకలు గుద్దుకున్నారు. ఇటికగోడని చూసి ఎవరు బెంగపడతారు?

అయినా ఆశ చావలేదు. అమ్మని ఎన్నడూ చూడని మనిషి, అమ్మ నవ్వినా ఏడ్చినా ఒకటే అనుకునే మనిషి కూర్చుంటే నిజం తేలుతుందనుకుంది. అలాంటివాడు పక్క గదిలోనే ఉన్నాడు. కొలతల శాస్త్రవేత్త కూర్మనాథం. పెళ్ళీ పేరంటం లేని మనిషి. తేనీరు కూడా తూచి తాగుతాడని కుర్రకారు నవ్వుకునేవారు. కళ్ళంటే కొలిచే పనిముట్లే గాని తడిసే వస్తువులు కావన్నట్టు ఉండేవాడు.

పని పాడుచేస్తున్నారని సణుక్కుంటూనే వచ్చి కూర్చున్నాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆయన వెనక నిలబడ్డారు. తిరిగి చూసిందా, లేదా, అదొక్కటి తేలితే చాలు వాళ్ళకి.

నువ్వుగింజంత మొహం మెల్లగా విచ్చుకుంది. హెల్మెట్ అద్దం వెనక పదిహేను పదహారేళ్ళ పిల్ల. కోల మొహం, చిన్న ముక్కుపుల్ల. వాళ్ళమ్మ పోలిక ఒక్కటీ లేదు. పెదవులు కాస్త విడివడి ఉన్నాయి.

ప్రభంజన్ చెల్లెలి వైపు అయోమయంగా చూశాడు. ఆ పిల్ల కూర్మనాథం మనసులోదని నీరజాక్షికి అర్థమైపోయింది. ఊరికే చూసే కన్ను ఈ గ్రహం మీదే కాదు, ఏ గ్రహం మీదా దొరకదు. అమ్మ తిరిగి చూసిందో లేదో ఇక ఎన్నటికీ తెలియదు. యంత్రాన్ని ఆపేద్దామని మీట మీద చెయ్యి వేసింది.

కూర్మనాథం తెర మీంచి చూపు తిప్పకుండానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఉండమ్మా," అన్నాడు. "ఏదో చెప్పబోతోంది."