రెండుసార్లు తట్టిన చెయ్యి

"మీరు ఒంటరి కారు. ఏ వేళ పిలిచినా మా మనిషి మీ పక్కన ఉంటుంది."

ఆసుపత్రి పక్క విడిది గుమ్మంలో నీలం బోర్డు మీద రాసిన మాటలివి. హామీలన్నీ జనాన్ని నిద్రపుచ్చే జోలపాటలని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి నేను. అయినా నమ్మాను. చేతిలో పసిగుడ్డు ఉన్నప్పుడు మనిషి దేన్నైనా నమ్ముతాడు.

పని మీద ఊరుగాని ఊరు వచ్చాం. నెలలు నిండకుండానే మా ఆవిడకు నొప్పులొచ్చాయి. పుట్టినవాడు గుప్పెడంత ఉన్నాడు కాబట్టి గుప్పెడుగాడు అని పిలిచాం. ఆసుపత్రివాళ్ళు గాజుపెట్టెలోంచి తీసి మా చేతికైతే ఇచ్చారుగానీ ఇంటికి పంపలేదు. బరువు పెరగాలి, రొమ్ము పట్టి తాగడం నేర్చుకోవాలి, అందాకా పక్కనే ఉన్న విడిదిలో ఉండమన్నారు. వాడికి చప్పరించడం రాదు. వాళ్ళమ్మ పాలు పిండి చెంచాతో పోస్తే సగం చెంప మీదుగా కారిపోయేవి. ఒంట్లో వేడి నిలవదు. అందుకని ఎప్పుడూ మా ఇద్దరిలో ఒకరం వాణ్ణి ఒట్టి ఛాతీకి ఆనించుకుని, పైన గుడ్డ కట్టుకుని కూర్చోవాలి. చల్లబడితే ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడని నర్సక్క మరీ మరీ చెప్పింది.

వంతులు వేసుకున్నాం. మాట వినబడితే వాడు ఉలిక్కిపడి లేస్తాడు. అందుకే చేతులు మార్చుకునేటప్పుడు మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాం. తీసుకునేవాళ్ళు ఇచ్చేవాళ్ళ మణికట్టు మీద రెండుసార్లు తడతారు. పట్టుకున్నాను, ఇక వదులు అని అర్థం. కళ్ళు తెరవకుండానే జరిగిపోయేంత అలవాటైంది. దీని గురించి మేం ఎవరికీ చెప్పలేదు.

మా అంతస్తులో మిగతా గదులన్నీ ఖాళీ. తలుపుల కిందనుంచి ముక్కిన పరుపుల వాసన వచ్చేది. లిఫ్టు ఎప్పుడో పాడైంది, వరండా రెండు కొసలా ఉన్న మెట్లే గతి. నేను రోజూ యాజమాన్యం మీద మండిపడేవాణ్ణి. మౌనం కూడా నేరమేనని, హక్కులు అడుక్కునేవి కావని మా ఆవిడకు ఉపన్యాసం దంచేవాణ్ణి. ముందు వాడి గుడ్డ మార్చు కామ్రేడూ, వ్యవస్థను తర్వాత మార్చుదువుగాని, అనేది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పొద్దు గూకకముందే గది మసకబారింది. మా ఆవిడ మంచం మీద ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. గుప్పెడుగాడు నా ఛాతీ మీద ఉన్నాడు. కిటికీ సందులోంచి చలిగాలి సన్నగా ఈల వేస్తోంది. హీటరు తీగలు ఎర్రగా వెలుగుతున్నవి కాస్తా ఉన్నట్టుండి నల్లబడ్డాయి.

కరెంటు పోయింది. జనరేటరు వస్తుందని చూశాను. రాలేదు. గోడ ఫోన్ ఎత్తితే అవతల మోగుతూనే ఉంది, ఎవరూ పలకలేదు. నా సెల్‌ఫోన్ చచ్చి పడుంది. విడిది నిర్వాకం లోకానికి చూపిద్దామని మధ్యాహ్నమంతా వీడియోలు తీసి ఛార్జింగ్ ఊదేశాను.

గుడ్డలోకి వేలు పోనిచ్చి చూశాను. వాడి పాదాలు చల్లగా తగిలాయి.

వాణ్ణి అలాగే కట్టుకుని తడుముకుంటూ వరండా చివరిదాకా వెళ్ళి, కిందికి గొంతెత్తి కేకేశాను. నా కేకే మెట్ల వెంట దిగి, మళ్ళీ ఎక్కి వచ్చింది. అంతే.

వెనక్కి వచ్చేసరికి గదిలో కళ్ళు పొడుచుకున్నా కనబడని చీకటి. కిందికి పోయి కాపలా తాతను పట్టుకురావాలి. తడి మెట్ల మీద పసివాడితో దిగలేను. మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. మా ఆవిణ్ణి పిలవబోయాను.

ఈలోపే నా మణికట్టు మీద తట్టింది. ఒకసారి... ఇంకోసారి.

వదిలాను.

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. మరీ వెచ్చగా. పాపం జ్వరమొచ్చిందేమో అనుకున్నాను. విరిగిన పాల వాసన గుప్పుమంది. బాలింత దగ్గర ఉండేదేగా అనుకున్నాను.

గోడ పట్టుకుని దిగుతున్నాను. సగం దిగేసరికి కిందనుంచి టార్చి వెలుగు పైకొస్తోంది. కాపలా తాత. ఆయన వెనక... మా ఆవిడ.

మెలకువ వచ్చి తడిమి చూస్తే నేనూ గుప్పెడుగాడూ గదిలో లేమట. వాణ్ణి తీసుకుని నేను సాయం కోసం దిగానేమోనని, తనూ అవతలివైపు మెట్ల మీదుగా కిందికి వచ్చిందట. గబగబా చెబుతున్నదల్లా ఆగిపోయింది. టార్చి వెలుగు నా ఛాతీ మీద పడింది. గుడ్డ ఖాళీగా వేలాడుతోంది.

"వాడేడి?" అంది.

"నీకే కదా ఇచ్చాను."

"ఎక్కడ?"

పైన గదిలో అన్నట్టు చెయ్యి చూపించాను. తాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ అంతస్తులో మీరు తప్ప ఎవరూ లేరు కదా బాబూ, అని గొణిగాడు.

పరిగెత్తాం. ఎలా ఎక్కామో తెలీదు. గది తలుపు ఓరగా ఉంది. లోపల చప్పుడు.

తడి చప్పుడు. ఆగింది... మళ్ళీ. చిన్న గుటక. మళ్ళీ...

మా ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగాయి.

"తాగుతున్నాడు," అంది గుసగుసగా.

తాత టార్చి లోపలికి తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది.

మంచం మధ్యలో గుప్పెడుగాడు. ఒక్కడే. ఒళ్ళు వెచ్చగా ఉంది. పెదాల మీద పాలు. వాడి పక్కన పరుపు లోతుగా అణగి ఉంది, ఒక మనిషి పక్కకు తిరిగి పడుకున్నంత మేర. మేం చూస్తుండగానే... అది మెల్లగా పైకి లేచింది.

తెల్లారాక వార్డెనమ్మను నిలదీశాను. మీ మనిషి ఎక్కడ అని అరిచాను. అలసటలో ఏవేవో అనిపిస్తాయంది. మాకంటే ముందు ఆ గదిలో ఎవరున్నారని అడిగాను. ఆవిడ నా మొహం చూడలేదు. "బాబుకు బాగానే ఉంది కదా" అంది.

బాగానే ఉన్నాడు. అదే మా భయం. వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేసుకుంటాడు. చెంచాతో పోస్తే ఉమ్మేస్తాడు. పాలు గడ్డకట్టి, నొప్పి ఓర్చుకోలేక, ఆమె ఏడుస్తూ సింకులో పిండేసుకుంటోంది. అయినా వాడు బరువు పెరుగుతున్నాడు. దీపం ఆర్పకుండా ఇద్దరం కళ్ళలో వత్తులేసుకుని కాపలా ఉంటున్నాం. ఎప్పుడో ఒక రెప్పపాటు కన్నంటుకుంటుంది. లేచేసరికి వాడి పెదాలు తడిగా ఉంటాయి. నర్సక్క తూకం వేసి మా ఆవిడ భుజం తట్టింది. పాలు బాగా పడుతున్నాయమ్మా, ఇలాగే ఇవ్వు, ఇరవై మూడున ఇంటికి వెళ్ళిపోవచ్చు, అంది.

అందుకే విడిది యాజమాన్యాన్ని ఇలా రాసి అందరి ముందూ అడుగుతున్నాను. మాకంటే ముందు ఆ గదిలో ఉన్నదెవరు? ఆమెకేమైంది? ఆమె బిడ్డకేమైంది? నిజం జనం సొత్తు, మీ బీరువాలో దాచుకునే నగ కాదు.

ఇక మా ఆవిడ అడగమన్న ప్రశ్న ఒకటుంది. మేం వెళ్ళిపోతే వాడు ఏం తాగి బతకాలి? ఆమెను మాతో రమ్మని పిలవాలంటే ఏమని పిలవాలి?

ఆగస్టు ఇరవై రెండు, పొద్దు గూకేలోపు జవాబు కావాలి.