గాజు పలక మీది ఆయుష్షు

మొదటి సాక్షిని చంపాక ముఠా నాలిక కరుచుకుంది.

ప్రాగ్‌లో ట్రామ్ దిగుతుండగా వెనక నుంచి రెండు గుళ్ళు దించారు. పని శుభ్రంగా జరిగింది. తీరా శవపరీక్ష చేస్తే, ఆ మనిషి కిడ్నీలో పుట్టిన క్యాన్సర్ అప్పటికే ఊపిరితిత్తుల నిండా పాకిపోయి ఉంది. ఆరు వారాలు ఓపిక పడితే దానంతట అదే అయిపోయేది. ఆ రెండు గుళ్ళ పుణ్యమా అని ముఠాని పోషించే దేశం వాళ్ళు పద్నాలుగు మంది దౌత్యాధికారులు మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కాల్సి వచ్చింది. చచ్చిన పాముని చంపడానికి ఇంత రభసా అని పైవాళ్ళు ముఠాకి గడ్డి పెట్టారు.

"అందుకే ఈసారి చంపే ముందు డాక్టర్ని అడుగుతున్నారు," అన్నాడు గూఢచారి శాఖ కల్నల్ దుషెక్, గసాల బన్ను తుంచి నోట్లో వేసుకుంటూ.

ప్ల్జెన్‌లో పెద్దాసుపత్రి వెనక ఆపిన రొట్టెల వ్యాను అది. లోపల రొట్టెలు లేవు, రేడియోలున్నాయి. డిసెంబరు మొదటి బుధవారం, పొద్దున్న పదిన్నర. ఎదురుగా కూర్చున్న రదిమ్ బెజ్దెక్ మైక్రోస్కోపులు బాగుచేసే మెకానిక్ వేషంలో ఉన్నాడు. నీలం కోటు, జేబులో స్క్రూడ్రైవర్లు, చెవిలో గింజంత రేడియో. పందొమ్మిదేళ్ళ సర్వీసులో అతను వెయ్యని వేషం లేదు.

"రెండో సాక్షి కోడ్ నేమ్ కప్ర్," అన్నాడు దుషెక్.

ఆ దేశంలో క్రిస్మస్‌కి వారం ముందు కొని స్నానాలతొట్టిలో వదిలే చేప పేరు అది. కోసే రోజు దాకా ఇంటిల్లిపాదీ దాన్ని అపురూపంగా చూసుకుంటారు. ఈ కప్ర్ ముఠాలో పదేళ్ళు పనిచేసి, ఎవరెవర్ని చంపాలో జాబితాలు రాసిచ్చి, ఆఖరికి ఇటు పారిపోయి వచ్చాడు. సెప్టెంబరులో అంతర్జాతీయ కోర్టులో నోరు విప్పాలి. నాలుగు రోజుల క్రితం అతని ఎడమ కిడ్నీ తీసేశారు. ఒంటి నిండా గొట్టాలతో నాలుగో అంతస్తులో పడి ఉన్నాడు. మంచం కదిపే వీల్లేదు.

"చంపడానికి వచ్చినవాడు ఎవడో తెలిసిందా?"

"తెలీదు. ఆసుపత్రిలోనే ఉన్నాడు. పన్నెండింటికి సైరన్ మోగగానే పని కానిస్తాడు."

నెలనెలా మొదటి బుధవారం మధ్యాహ్నం దేశమంతా సైరన్లు పరీక్షిస్తారు. నూట నలభై సెకన్లు. ఎవరూ తలెత్తి చూడరు. ఆ మోతలో తుపాకీ పేలినా తలుపు పడిందనుకుంటారు.

"పట్టుకుంటే పోలా?"

"వీణ్ణి పట్టుకుంటే ఇంకొకడొస్తాడు. సెప్టెంబరు దాకా వస్తూనే ఉంటారు. అదే, ఎలాగూ పోతాడని నమ్మితే ఎవడూ రాడు."

నమ్మించేదెలాగో దుషెక్ రెండు ముక్కల్లో చెప్పాడు. కోసి తీసిన కణితిని పల్చగా తరిగి, గాజు పలకల మీద పరిచి, కొన్ని ప్రోటీన్లకి మాత్రమే అంటుకునే గోధుమరంగు వేస్తారు. ఒక ప్రోటీన్ కణానికి పగ్గం లాంటిది, అది కనబడకపోతే చెడ్డ. ఇంకొకటి కణం ఎంత జోరుగా పిల్లల్ని పెడుతోందో చెబుతుంది, అది ఎక్కువ కనబడితే ఇంకా చెడ్డ. రెండూ కలిపి చూస్తే మనిషికి ఎంత కాలం మిగిలిందో అంచనా దొరుకుతుంది. కప్ర్ పలకలు చూస్తే మహారాజులా పదేళ్ళు బతికేలా ఉన్నాడు. ఆ సంగతి ముఠాకి తెలిస్తే పన్నెండు దాటాక బతకడు.

"చూసేది డాక్టర్ లియోనా మారెషోవా. వాళ్ళు తమ మనిషనుకుంటున్నారు. మనమూ మన మనిషే అనుకుంటున్నాం. అటువైపు స్క్రీన్ మీద వాళ్ళ ప్రొఫెసర్ ఉంటాడు, వాడి కళ్ళు గప్పలేం. అందుకని పలకలు నిజంగానే చెడ్డవి కావాలి." దుషెక్ అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా అందించాడు. "ఇవి."

"ఎవరివి?"

"ఎవరో అనామకుడివి. ఎప్పుడో పోయాడు."

రదిమ్ డబ్బాని చొక్కా జేబులో వేసుకున్నాడు. నిరుడు అక్టోబరులో అతనికీ ఇదే ఆసుపత్రిలో కుడి కిడ్నీ తీసేశారు. మొన్నటి స్కాను శుభ్రంగా ఉంది. ప్రోటీన్ల లెక్క మాత్రం చెప్పొద్దని ఆనాడే డాక్టర్లకి దండం పెట్టాడు. అతనికి తొమ్మిదేళ్ళ కూతురుంది. తను పోయే తారీఖు తెలిసిన మనిషి పిల్లకి లెక్కలు నేర్పలేడని అతని నమ్మకం. దుషెక్‌కి ఈ సంగతులన్నీ తెలుసు.

లియోనా గది వాకిట్లో రదిమ్ బూట్లు విప్పి చెప్పులు వేసుకున్నాడు. ఆమె తెల్లకోటు కింద పచ్చటి పట్టు చొక్కా, పెదాలకి ఎర్రరంగు. ఆ భవనంలో శవాలు తప్ప తలతిప్పి చూడని మగవాడు లేడని చెప్పుకుంటారు.

"కటకాల మీద మంచు పట్టిందట," అన్నాడు రదిమ్. అది కోడ్.

"ఊదితే పోయేది కాదులే, లోపలికి రా." అదీ కోడే. తలుపు మూసి నవ్వింది. "దుషెక్‌కి నువ్వు తప్ప మనిషే దొరకలేదా?"

"ఏం, నాకేమైంది?"

ఆమె పలకలు అందుకుని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒక్క చూపు చూసింది. తల ఎత్తకుండానే రెండో పలక మార్చి మళ్ళీ చూసింది.

అప్పటికే కంప్యూటరులో ప్రొఫెసర్ ప్రత్యక్షమయ్యాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో టీ గ్లాసు. వెనక నీడలో ఇంకెవడో కూర్చుని ఉన్నాడు. "ఆ మనిషెవరు?"

"మెకానిక్. కెమెరా మొరాయిస్తోంది, మైక్రోస్కోపు బల్ల జరపడానికి చెయ్యి కావాలి."

"సరే, వాణ్ణి నాకు కనబడేలా కూర్చోమను."

లియోనా మైకు ఆపేసింది. కెమెరాకి వీపు పెట్టి, ఏదో కేబుల్ సరిచేస్తున్నట్టు వంగింది.

"నీ మొహం వాడికి కనబడుతుంది, అందుకని ముందే చెబుతున్నా," అంది గొంతు తగ్గించి. "ఇది పోయినవాడిది కాదు. నిరుడు ఈ కణితిని రిపోర్టు చేసింది నేనే. మనుషుల మొహాలు మర్చిపోతాను కానీ నేను చూసిన కణాల్ని మర్చిపోను. ఇది నీది రదిమ్."

రదిమ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"అబద్ధం."

"నీతో అబద్ధమాడితే నాకేం ఒరుగుతుంది? ఇప్పుడు వాడు లెక్క పైకి చదువుతాడు. నువ్వు ఉలిక్కిపడ్డావంటే పైనున్న ముసలాడు పోతాడు, నేనూ పోతాను. మెకానిక్‌వి. నీకు ఇవేం అర్థం కావు. గుర్తుందా?"

"వినలేను లియోనా."

"వింటావు," అని మైకు వేసింది.

పదకొండూ యాభై రెండు. ప్రొఫెసర్ తొందరపడే రకం కాదు. ఎడమకి జరపమంటే రదిమ్ మైక్రోస్కోపు మర తిప్పాడు. ఆగమంటే ఆగాడు. తెర నిండా గోధుమరంగు అంటని నీలం చుక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. తన ఒంట్లోంచి వచ్చినవి. పద్నాలుగు నెలలుగా వీటిని తల్చుకోకుండా అతను ఎంతో నేర్పుగా బతికాడు.

"పగ్గం ప్రోటీన్ లేదు," అన్నాడు ప్రొఫెసర్, టీ చప్పరిస్తూ. "రక్తనాళంలో ఉంది, అంటే రంగు బాగానే పట్టింది, కణితిలో బొత్తిగా లేదు. బావుంది, బావుంది. రెండోది పెట్టు."

రెండో పలక. ఇక్కడ గోధుమ చుక్కలు. ప్రొఫెసర్ వేలితో తెర మీద పొడుస్తూ లెక్కపెట్టాడు. "నూటికి పదిహేను. ఇది అటూ ఇటూ కాదు. ఇలాంటివాళ్ళు రెండేళ్ళు, మూడేళ్ళు లాగినవాళ్ళున్నారు."

వెనక నీడలోని మనిషి మొదటిసారి నోరు విప్పాడు. "అంటే సెప్టెంబరుకి ఉంటాడా?"

"ఉండొచ్చు."

"అయితే కానివ్వమందాం."

గోడ గడియారంలో పదకొండూ యాభై తొమ్మిది. చెవిలో దుషెక్ గొంతు పలికింది. "రదిమ్, నాలుగో అంతస్తులో భోజనాల బండి కదిలింది. తోసేవాడు కొత్తవాడు. ఏదో ఒకటి చెయ్."

అప్పుడు రదిమ్ చేసిన పని ఎవరూ చెప్పి చేయించింది కాదు. మర పట్టుకుని పలకని తనే తిప్పాడు. గోధుమరంగు చిక్కబడిన మూల కోసం వెతికాడు. పేను కోసం తలలో వెతికినట్టు వెతికాడు. అలాంటి చోటు ఉండకూడదని మనసులో కోటి మొక్కులు మొక్కుకుంటూనే, ఉండాలని వెతికాడు. ఉంది. పలక అంచున, చుక్క పక్కన చుక్క, ఊపిరాడనంత దట్టంగా.

"ఒరే మెకానిక్, ఎవడు తిప్పమన్నాడు?" అని అరిచి, మరుక్షణం ప్రొఫెసర్ తెర మీదికి వంగాడు. "ఆగాగు. అబ్బో. ఇక్కడ నూటికి యాభై పైనే. దట్టంగా ఉన్న చోటే లెక్క, తీర్పు చెప్పాల్సింది ఇక్కడే."

సైరన్ అందుకుంది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.

"ఎంత?" అని అరిచాడు నీడలోని మనిషి.

"ఇలాంటివి పదింటిలో ఎనిమిది వేసవి దాటవు."

"మిగతా రెండు?"

"ఆ రెండిటి గురించి పుస్తకాల్లో ఉండదు."

నీడలోని మనిషి ఫోను తీశాడు. రదిమ్ మొహంలో ఒక్క నరం కదల్లేదు. స్క్రూడ్రైవరుతో గోరు శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాడు. నూట నలభై సెకన్లలో తొంభై గడిచాయి. నూరు. చెవిలో దుషెక్ ఊపిరి మాత్రం వినబడుతోంది.

"బండివాడు ఫోను చూసుకున్నాడు," అన్నాడు దుషెక్ చివరికి. "కప్ర్ తలుపు తీశాడు... పళ్ళెం పెట్టాడు. గౌలాష్, మాంసం కూర. బయటికొచ్చేశాడు. తుపాకీ బండి అడుగునే ఉంది. పోనివ్వండి, ఎవరూ ముట్టుకోవద్దు."

సైరన్ ఆగింది. తెర నల్లబడింది. లియోనా సిగరెట్ తీసి, అక్కడ వెలిగించకూడదని గుర్తొచ్చి, వేళ్ళ మధ్య నలిపేసింది.

"ఆ లెక్క మందకి చెప్పేది రదిమ్. ఒక్క మనిషికి చెప్పేది కాదు. నువ్వు ఇప్పటికే ఒక వేసవి దాటావు," అంది.

"ఓదార్చకు. నీకు చేతకాదు."

వ్యాను దగ్గర దుషెక్ రెండో బన్ను తింటున్నాడు. రదిమ్ వచ్చి తన కాలరు పట్టుకున్నా విడిపించుకోలేదు.

"పాత కణితి అయితే రంగు వెలిసిందని ఆ ప్రొఫెసర్ పసిగట్టేస్తాడు. కొత్తది కావాలి. నువ్వు ఆపరేషన్‌కి ముందు పరిశోధనకి ఇస్తానని సంతకం కూడా పెట్టావు. అంతా చట్టప్రకారమే."

"నాకు చెప్పాలనిపించలేదా సార్?"

"తెలుసుకోననే కదా అన్నావ్. నీ మాటకి విలువిచ్చాను." దుషెక్ చేతులు దులుపుకున్నాడు. "సెప్టెంబరు దాకా కప్ర్ గదిలో కాపలా నీదే. పైకెళ్ళు."

అతన్ని కొట్టాలని రదిమ్ చెయ్యి ఎత్తాడు. కూతురు బడి నుంచి మూడింటికి వస్తుంది, వాపు తేలిన చెయ్యి చూస్తే ఏమైందని అడుగుతుంది. చెయ్యి దించుకుని మెట్లెక్కాడు.

నాలుగో అంతస్తులో కప్ర్ దిండుకి ఆనుకుని పళ్ళెం వైపు అసహ్యంగా చూస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి.

"నువ్వేనా కొత్త కాపలావాడివి? చూడవయ్యా, ఇది గౌలాషా? గిన్నెలు కడిగిన నీళ్ళు. పొద్దున్న డాక్టరొచ్చి, నీకింకేం భయం లేదు, పదేళ్ళు నిక్షేపంగా ఉంటావన్నాడు. పదేళ్ళు! ఈ చలి ఊళ్ళో, ఈ తిండితో, పదేళ్ళేం చేసుకోను నేను?"

రదిమ్ కుర్చీ లాక్కుని, అతని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చెంచా అందుకున్నాడు.

"అక్కర్లేనివి ఏమైనా ఉంటే చెప్పండి," అన్నాడు. "తీసుకునేవాళ్ళున్నారు."